ఆఖరి తొట్టి

చచ్చిన చేపను మోసుకెళ్ళడానికి ఒక పద్ధతి ఉంది. తోక పట్టుకుని వేలాడదీస్తే అల్లంత దూరం నుంచే తెలిసిపోతుంది. అరచేతిలో పడుకోబెట్టుకుని, ఆ చెయ్యి తొడకు ఆనించి, ఏమీ పట్టుకోనివాడిలా నడవాలి. నీలం బాబాయ్ అలాగే నడుస్తాడు. షిఫ్టు మారే వేళ ఎదురైనవాళ్ళు "ఏం బాబాయ్, పిల్లలు కులాసానా?" అని అడిగితే రెండో చెయ్యి ఊపి "కులాసా" అంటాడు. అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. గోడవారన తవ్వి పెట్టుకున్న గోతిలో చేపను వేసి, కాలితో మట్టి నెట్టి, బోరు పంపు దగ్గర చేతులు కడుక్కుని మళ్ళీ తొట్టి దగ్గరకు వచ్చి కూర్చుంటాడు.

ఆ ఫ్యాక్టరీలో ప్యాంట్ల గుడ్డకు నీలం రంగు వేస్తారు. రంగు వేయగా మిగిలిన నీళ్ళు వరసగా కట్టిన తొట్లలో పడతాయి. ఒకదాంట్లో సున్నం కలుపుతారు, ఒకదాంట్లో గాలి కొడతారు, ఒకదాంట్లో మడ్డి దిగేదాకా ఆపుతారు. ఆ తర్వాత ఆఖరి తొట్టి. దానికి ఒకవైపు గోడ బదులు అద్దం బిగించి లోపల చేపలు వదిలారు. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినవాళ్ళను అంతా తిప్పి చివరకు అక్కడికి తీసుకొస్తారు. వాగులోకి వదిలే నీళ్ళు ఎంత మంచివో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు, చేపలే చెబుతాయి. ఆ చేపల్ని చూసుకోవడం బాబాయ్ పని. చూసుకోవడమంటే ముఖ్యంగా మార్చడం. చచ్చినదాన్ని తీసేసి అదే సైజుదాన్ని, దొరికితే అదే వన్నెదాన్ని వెయ్యాలి. బజార్లో చేపలమ్మే ఆవిడకు ఈ సంగతి తెలియదు. "వారం వారం ఇన్ని కొంటావు, మీ సందులో చేప కూర వాసన మాత్రం ఎవరికీ తగలదట. అంతా నువ్వొక్కడివే తింటావా ఏంటి?" అంటుంది.

అంతకుముందు అతను రంగు తొట్ల దగ్గర తడిగుడ్డ ఎత్తే పనిలో ఉండేవాడు. మోచేతులదాకా నీలంగా ఉండేవి గనక ఆ పేరు వచ్చింది. పని మారాక నీలం మెల్లగా పోయింది గానీ, పోతూ పోతూ స్పర్శను కూడా వెంటబెట్టుకుని పోయింది. చేతిలో ఉన్న చేప బతికుందో లేదో కళ్ళతో చూస్తే తప్ప అతనికి తెలియదు. మొప్పలు కదులుతున్నాయేమో చూసుకుని అప్పుడు గోతికి నడుస్తాడు.

ఆ ఉదయం పైకి తేలినవి తీసి చూస్తే మొప్పలు కదల్లేదు. తోక మీద నల్లమచ్చ ఉన్న చేప మాత్రం ఇంకా తిరుగుతోంది. మిగతావన్నీ వచ్చి పోతున్నా అది ఎందుకో మొండిగా నిలబడింది. వేలి కణుపుతో అద్దం మీద కొడితే వచ్చి మూతి ఆనిస్తుంది. ఇవాళ కొడితే వచ్చింది గానీ పక్కకు వాలిపోయి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ వాలింది. బాబాయ్‌కి దాన్ని చూస్తే జాలేసింది. ఎన్ని చేపల్ని గోతిలో వేశాడో లెక్కలేదు, ఏ ఒక్కదానికీ ఇలా అనిపించలేదు. దీనికి ఎందుకు అనిపించిందో అతనికీ తెలియదు.

అప్పుడే మేనేజరు వచ్చాడు. ఆయన కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో చుట్టరికమేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"ఎల్లుండి బయ్యర్లు వస్తున్నారు బాబాయ్. ఈసారి టీ తాగి వెళ్ళిపోయే రకం కాదు. రెండో యూనిట్ కట్టాలా వద్దా అన్నది వాళ్ళు చూసి చెప్పే మాట మీద ఉంది. కడితే మీ సందులో ఇంటికో ఉద్యోగం. కట్టకపోతే ఉన్నవి కూడా ఉంటాయని నేను చెప్పలేను."

"అలాగే సార్."

"అలాగే కాదు. పోయినసారి గుర్తుందిగా?"

గుర్తుంది. పోయినసారి బయ్యర్లు చూస్తుండగానే ఒక చేప వెల్లకిలా తిరిగింది. ఈ జాతి చేపలు అలాగే నిద్రపోతాయని మేనేజరు చెప్పాడు. వాళ్ళు నమ్మారో లేక మర్యాదకు ఊరుకున్నారో ఎవరికీ తెలియలేదు.

బాబాయ్ కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, "సార్, కాసిని మంచినీళ్ళు కలిపితే బతుకుతాయేమో" అన్నాడు.

"మంచినీళ్ళంటే?"

"మనం తాగేవి సార్."

మేనేజరు అతని వంక చూశాడు. తొట్టి వంక చూశాడు. గేటు దగ్గర సిమెంటు మూత వేసి ఉన్న గుంట వంక కూడా చూశాడు గానీ, అది బాబాయ్ గమనించలేదు.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి ఆ సంగతి పిన్నికి చెప్పాడు. సందులో అందరికీ అతను బాబాయ్ గనక ఆమె అందరికీ పిన్ని. కుళాయి దగ్గర నిండిన బిందె చంకనెత్తుకుని వస్తూ ఆమె అంతా విని, "నీ మాట వినేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట లోకంలో" అంది.

"ఇంట్లో వినకపోతే బయట వెతుక్కోవాలిగా."

"వెతుక్కున్నావుగా. ఇక ఆ చేపలే వండిపెడతాయిలే నీకు."

అతనికి నవ్వొచ్చింది. ఆ పూట నవ్వుతూనే భోంచేశాడు.

మర్నాడు పొద్దున్నే పిన్ని తమ్ముడు పైపులు భుజాన వేసుకుని తొట్టి దగ్గరకు వచ్చాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు అతనే. మామూలుగా అయితే వస్తూనే "బావా, ఏది నీ సంసారం?" అని చేపల్ని పలకరిస్తాడు. ఆ రోజు ఏమీ అనలేదు. తల ఎత్తకుండా పని చేశాడు. ముందు, మడ్డి తొట్టి నుంచి వచ్చే గొట్టాన్ని కోసి, ఆఖరి తొట్టిలో పడకుండా దాని అడుగు నుంచి తిన్నగా వాగులోకి పోయేట్టు కలిపాడు. పైన మట్టి కప్పి గడ్డి చెక్కలు పరిచాడు. తర్వాత గేటు వైపు నుంచి ఒక కొత్త గొట్టం లాక్కొచ్చి తొట్టి అంచుకు బిగించాడు. నార చుట్టి, జిగురు రాసి, మరలు పడేదాకా తిప్పి, చెయ్యి తుడుచుకుని గేటు వైపు వెళ్ళాడు. కాసేపటికి గొట్టం దగ్గింది. ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు వచ్చాయి.

మధ్యాహ్నానికి తొట్టి అడుగున పరిచిన గులకరాళ్ళు ఒక్కొక్కటే కనిపించాయి. అక్కడ గులకరాళ్ళు ఉన్నాయని బాబాయ్ మరిచేపోయాడు. మచ్చది నిలువుగా పైకి వెళ్ళి, మలుపు తిరిగి, రాళ్ళదాకా దిగి మళ్ళీ వచ్చింది. అద్దం మీద కొట్టకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది. బాబాయ్ ఆ పూటంతా స్టూలు మీద నుంచి లేవలేదు. తొట్టి నిండి అంచు పక్కనున్న కాలవలోకి పొర్లుతూనే ఉంది. అలా పొర్లుతుంటేనే తొట్లలోంచి వచ్చిన నీళ్ళలా కనిపిస్తుందట, మేనేజరు వచ్చి చూసి, నీళ్ళు కట్టెయ్యొద్దని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం సందులోకి వచ్చేసరికి కుళాయి చుట్టూ బిందెలు వరసకట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. ఒకావిడ కుళాయి మూతికి నోరు పెట్టి పీల్చి చూస్తోంది.

"పొద్దుట్నుంచి చుక్క లేదు" అంది పిన్ని. "అడిగితే బోరు కొట్టుకోమంటున్నారు. బోరు నీళ్ళు ఎవరు తాగుతారు?"

ఆ సందులో బోరు ఉంది. దాని నీళ్ళతో అన్నం వండితే ఊదారంగుకు వస్తుంది. బట్టలుతకడానికీ ఇల్లు కడగడానికీ తప్ప దాన్ని ఎవరూ ముట్టరు. తాగడానికి ఈ ఒక్క కుళాయే. పక్కింట్లో ఒక పిల్ల కొత్తగా ప్రసవించి వచ్చి ఉంది. పసిదాని నోట్లో పోయడానికి కాచిన నీళ్ళు ఎవరింట్లోనైనా మిగిలాయేమోనని వాళ్ళమ్మ గిన్నె పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతోంది.

బాబాయ్‌కి అప్పటికి కూడా తట్టలేదు. బావమరిది పని సంచితో సందులోకి వచ్చి, కుళాయి దగ్గర జనాన్ని చూసి, వెనక్కి తిరగబోయి, అక్క కంట్లో పడ్డాక ఇక తప్పదన్నట్టు ఆగిపోయినప్పుడు తట్టింది.

"ఎక్కడినుంచి కలిపావురా ఆ గొట్టం?" అన్నాడు.

"గేటు దగ్గర గుంటలోంచి బావా. సందుకు పోయే లైను అక్కడినుంచేగా."

"సందుదా?"

"మరి ఫ్యాక్టరీలో మంచినీళ్ళు ఇంకెక్కడున్నాయి? నువ్వే అడిగావట. బాబాయే చెప్పాడు, చక్కటి ఆలోచన అని మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు. నువ్వు అడిగాక నేనెలా కాదంటాను?"

బాబాయ్ తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులకేం తెలుసు. తెలియాల్సినవాడికే తెలియలేదు. 'మనం తాగేవి' అన్నప్పుడు ఆ నీళ్ళు ఎక్కడో అక్షయంగా ఉంటాయనుకున్నాడు. ఎవరి గొంతు కోసి తెస్తారో ఆలోచించలేదు.

"సగం అటు, సగం ఇటు తిప్పరాదూ?" అంది పిన్ని తమ్ముడితో.

"సగానికి తిప్పితే సందులోకి ఎక్కదక్కా. అటో ఇటో. రేపొక్కరోజేగా. వాళ్ళు కారెక్కడం ఆలస్యం, తిప్పేస్తాను. నాది పూచీ."

"నీ పూచీ ఎవడిక్కావాలి?" అంది గిన్నె పట్టుకున్నావిడ. ఆమె చూస్తున్నది బాబాయ్ వంక.

"రేపు సాయంత్రానికి కుళాయిలో నీళ్ళు రాకపోతే నన్నడగండి. నేను మాటిస్తున్నా" అన్నాడు బాబాయ్. సందులో అతను ఎవరికీ ఎప్పుడూ మాటివ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. బిందెలు అక్కడే వదిలి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంట్లో పిన్ని ఆ సంగతి ఎత్తలేదు. అడుగున మిగిలిన నీళ్ళు చెంబులోకి వంపి, మూత పెట్టి, పక్కింటికి ఇచ్చి వచ్చింది. వచ్చాక కూడా తిట్టలేదు. తిడితే బాగుండేదని అతనికి అనిపించింది. అడిగి మరీ నెత్తికెత్తుకున్నాడు. అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు అనుకుందామంటే కడుక్కోవడానికి నీళ్ళు కూడా లేవు.

బయ్యర్లు వచ్చిన రోజు ఫ్యాక్టరీ అంతా ఫినాయిల్ కంపు కొట్టింది. తొట్ల గట్లకు సున్నం వేశారు. బాబాయ్‌కి కొత్త చొక్కా ఇచ్చారు. దాని మడతల్లో గుండుసూదులు ఇంకా ఉన్నాయి. ఒకటి మెడ దగ్గర గుచ్చుకుంటే తీసి జేబు అంచుకు పెట్టుకున్నాడు.

వచ్చినవాళ్ళకు పెద్ద ఒకావిడ. జుట్టు పొట్టిగా, చెప్పులు మామూలుగా, ముఖం అలిసిపోయినట్టుగా ఉంది. వెనకాల కెమెరా వేసుకుని ఒక యువకుడు. ఆవిడ మడ్డి తొట్టి దగ్గర ముక్కు మూసుకోలేదు. చూపించినవి చూసి చూపించనివి అడిగింది. మేనేజరు వాళ్ళ భాషలో గడగడా చెబుతూ ఆఖరి తొట్టి దగ్గరకు తీసుకొచ్చాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అద్దంలోకి చూసింది. మచ్చది వచ్చి ఆవిడ ఎదుట నిలబడింది. ఆవిడ అప్పుడు మొదటిసారి నవ్వింది. చేపకు ఎవరి పక్షమూ లేదు, పిలిస్తే వస్తుంది.

ఆవిడ ఏదో అడిగింది. మేనేజరు బాబాయ్ వైపు తిరిగి, "ఏం పెడతావని అడుగుతున్నారు" అన్నాడు.

"నూకలండి. అప్పుడప్పుడు ఉడికిన గుడ్డులో పచ్చసొన."

ఆవిడ లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. పట్టుకున్నట్టు అతను చూశాడంతే. ఆవిడ చేతిని వెంటనే వదల్లేదు, బొటనవేలితో అతని అరచేతిని ఒకసారి రాసి చూసింది. ఇంకేదో అడగబోయింది.

సరిగ్గా అప్పుడే వెనక గేటు తెరుచుకుంది. అది సందులోకి ఉండే గేటు. దాని దగ్గర వాచ్‌మన్ కూడా సందువాడే, వాళ్ళింట్లో బిందె కూడా ఖాళీయే. ముందు పిన్ని, వెనక గిన్నె పట్టుకుని పక్కింటావిడ, ఆ వెనక ఇంకొందరు. ఎవరూ అరవలేదు. పిన్ని నడిచే తీరు చూసి ఆమె పోట్లాడ్డానికే వస్తోందని బాబాయ్‌కి తెలిసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా నడవడం అతను ఒకటి రెండుసార్లే చూశాడు. కొంగు బిగించి, చూపు ఎటూ తిప్పకుండా తిన్నగా తొట్టి దగ్గరకు వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా బిందె వంచి ముంచింది. చేపలు చెదిరి మూలకు పోయాయి. బిందె బుడబుడమని నిండింది. పక్కింటావిడ గిన్నె ముంచింది.

మేనేజరు ముఖం పాలిపోయింది. ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. అందరిముందూ ఆడవాళ్ళ చేతిలో బిందె లాక్కోలేడు. బావమరిది గోడవారన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

బయ్యరావిడ ఆశ్చర్యంగా ఏదో అంది. ఆవిడ మళ్ళీ అంది, ఈసారి బాబాయ్ వంకే చూస్తూ.

"బాబాయ్" అన్నాడు మేనేజరు. "ఈ నీళ్ళు మీరు తాగుతారా అని అడుగుతున్నారు."

జవాబు సులువైనదే. అందులో అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. ఇవి మా కుళాయి నీళ్ళు, నిన్న తిప్పారు, మీరు వెళ్ళగానే మాకు రావాలి అని ఆ తర్వాత చెప్పాల్సిన మాటలు. అవి అతని నోటి చివరిదాకా వచ్చాయి. చెబితే ఎవరు వాళ్ళ భాషలోకి మార్చాలి? మేనేజరే మార్చాలి. రెండో యూనిట్, ఇంటికో ఉద్యోగం, ఉన్నవి కూడా ఉంటాయని చెప్పలేను అన్న మాట, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. భయమేసింది. పిన్ని బిందె పట్టుకుని అతని నోటి వంకే చూస్తోంది.

"తాగుతామండి" అన్నాడు. "మేం తాగేవి ఇవే."

మేనేజరు ఊపిరి వదిలి ఆ రెండు ముక్కలూ వాళ్ళ భాషలో చెప్పాడు. మార్చి చెప్పలేదు, ఉన్నదున్నట్టే చెప్పాడు. మార్చాల్సిన అవసరం ఏముంది?

బయ్యరావిడ పిన్ని దగ్గరకు వచ్చి దోసిలి పట్టి తాగినట్టు సైగ చేసింది. తాగి చూపిస్తావా అని అడిగింది. పిన్ని ఆ సైగ వంక, బాబాయ్ వంక చూసింది. ఆమె నిన్న సాయంత్రం నుంచి నీళ్ళు ముట్టలేదు. పొద్దున్నుంచి ఎండలో కుళాయి దగ్గర నిలబడింది. బిందె వంచి దోసిలి పట్టి తాగింది. ఒక దోసిలి, తర్వాత ఇంకోటి, ఆపలేకపోయింది. గడ్డం మీదుగా నీళ్ళు కారి జాకెట్టు తడిసింది. యువకుడి కెమెరా టకటకా కొట్టుకుంది.

ఆ సాయంత్రం కార్లు వెళ్ళిపోయాక బాబాయ్ పరుగు లాంటి నడకతో గేటు దగ్గరకు వెళ్ళాడు. బావమరిది అప్పటికే గుంట మూత తీసి, వాల్వు తిప్పే పొడుగాటి తాళం లోపలికి దించి, పిడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పట్టు బావా, బిగుసుకుపోయింది."

బాబాయ్ కూడా పట్టుకున్నాడు. అప్పుడే ఫిట్టరు జేబులో ఫోను మోగింది. విని, "సరే సార్" అని, మళ్ళీ "సరే సార్" అని జేబులో పెట్టుకున్నాడు.

"తిప్పొద్దట" అన్నాడు.

మేనేజరు తన గదిలో ఉన్నాడు. బాబాయ్‌ని చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు, అందులో నటన లేదు. "ఒప్పుకున్నారు బాబాయ్. రెండో యూనిట్ వస్తోంది. ఆ ఫోటోనే పని చేసింది. మీ ఆవిడ తాగుతున్న ఫోటో."

"సార్, కుళాయి..."

"అదే చెబుతున్నా. తొట్టి మీద కెమెరా పెట్టమన్నారు. ప్యాంటుకు కట్టే చీటీ మీద ఒక గుర్తు వేస్తారట. కొన్నవాడు దాన్ని ఫోన్‌తో చూస్తే మన తొట్టి కనిపించాలట, అప్పటికప్పుడు, చేపలతో సహా. ఇక ఎప్పుడు ఎవరు చూస్తారో మనకు తెలియదు. తొట్టికి నీళ్ళు ఆపడం కుదరదు."

"మరి మా సందుకు సార్? నేను మాటిచ్చాను."

"సందుకు నీళ్ళు ఎవరు కాదన్నారు? తొట్టి దగ్గరకే వచ్చి పట్టుకోండి. రోజూ రండి. వాళ్ళకు అదే కావాలి. నేనే కొత్త బిందెలు తెప్పిస్తాను. వాళ్ళే ముంచితే చేపలు చెదురుతాయి, నువ్వే పట్టి పొయ్యి. ఇంతకుముందు ఒక గంటసేపేగా వచ్చేవి మీ కుళాయిలో? ఇప్పుడు ఆగకుండా వస్తాయి. ఇందులో నష్టం ఏముందో చెప్పు బాబాయ్."

నష్టం ఏముందో బాబాయ్ చెప్పలేకపోయాడు. ఉందని తెలుసు. అది ఎక్కడుందో వెతికి చూపించడానికి మాటలు దొరకలేదు. తల ఊపి బయటకు వచ్చాడు.

సందులో ఎవరూ అతన్ని నిలదీయలేదు. కుళాయి గట్టు మీద కూర్చున్నవాళ్ళు అతన్ని చూసి సర్దుకుని దారిచ్చారు. పిన్ని గుమ్మంలో కూర్చుని తడిసిన జాకెట్టు ఆరేసుకుంటోంది.

"నేను పోట్లాడ్డానికే వచ్చాను" అంది అతను అడక్కుండానే. "ఇంటి దగ్గర మాటలన్నీ అనుకుని వచ్చాను. తాగమంటే తాగాను. దాహమేసింది."

"నేనూ అబద్ధం చెప్పలేదు."

"చెప్పలేదు" అంది. "ఇద్దరం ఏ తప్పూ చెయ్యలేదు. లేచి స్నానం చెయ్యి."

అతను బోరు నీళ్ళతో స్నానం చేశాడు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. తొట్టి ఎదుట ఇనప స్తంభం పాతి కెమెరా బిగించారు. గోడకు అవతల రెండో యూనిట్ కోసం యంత్రాలు వచ్చి నేల తవ్వడం మొదలుపెట్టాయి. తవ్విన మట్టి పైన గోధుమరంగులో, అడుగున నీలంగా ఉంది. చూసినవాళ్ళు చూసి ఊరుకున్నారు. బాబాయ్ కూర్చునే చోట నేల కింద దారి మళ్ళించిన గొట్టం ఉందిగా, దాంట్లో మడ్డి తొట్టి నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కెమెరాకు చెవులు లేవు. వాగు ఎటూ ఎవరి ఫోనులోకీ రాదు.

కుళాయి ఇక ఎందుకని బావమరిది వచ్చి మర విప్పి పట్టుకుపోయాడు. గొట్టం నోట్లో ఒక గుడ్డ పీలిక కుక్కాడు. విప్పుతున్నంతసేపూ అక్క తలుపు తీయలేదు.

కొత్త బిందెలు వచ్చాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి, వాటి మీద కంపెనీ గుర్తు ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుని రావాలని, పొద్దున వెలుతురు బాగా ఉన్నప్పుడు రావాలని, తోసుకోకుండా నిలబడాలని, ముఖాలు కాస్త నవ్వుతూ ఉంటే మంచిదని మేనేజరు చెప్పించాడు. మొదటి రోజు పక్కింటావిడ వచ్చింది, పసిదానికి నీళ్ళు కావాలి. ఇంకొందరు వచ్చారు. పిన్ని రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. బాబాయ్ తెచ్చి పెట్టిన నీళ్ళు కూడా ముట్టుకోలేదు. వంటకు పక్కింటి నుంచి చెంబుతో అడిగి తెచ్చుకుంది. ఆ చెంబులోవి కూడా అవే నీళ్ళని అతను అనలేదు. ఆమెకు తెలియక కాదు.

మచ్చది లావెక్కింది. తొట్టిలో ఇప్పుడు ఏ చేపా చావడం లేదు. గోడవారన గొయ్యి పూడ్చేసి మొక్క నాటారు. అద్దం మీద కొడితే మచ్చది వస్తుంది గానీ బాబాయ్ కొట్టడం మానేశాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున వరస చివర పిన్ని కనిపించింది. కొత్త బిందె చంకన ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది. అతను ముందువాళ్ళకు గొట్టం కింద బిందె పట్టి నింపి, గుడ్డతో వడకట్టి, ఎత్తి ఇస్తూ మధ్య మధ్య ఆమె వంక చూశాడు. ఆమె ముందున్నావిడ భుజాల మీదుగా ఎటో చూస్తోంది. ఆమె వంతు వచ్చింది. బిందె అందించింది. అతను గొట్టం కింద పెట్టి రెండు చేతులతో అంచులు పట్టుకున్నాడు.

"వచ్చావే" అన్నాడు మెల్లగా.

"ఎన్నాళ్ళు అడుక్కుతెచ్చుకోను?"

నీళ్ళు పడుతున్నాయి. ఆమె చెంగు సర్దుకుంది.

"పైకి చూడు" అంది. "నవ్వమన్నారుగా."

ఆమె తలెత్తి స్తంభం వైపు చూసి నవ్వింది. పెళ్ళి ఫోటోలో కూడా ఆమె అంత చక్కగా నవ్వలేదు. అతను కూడా తలెత్తాడు. ఎక్కడో ఎవడో కొత్త ప్యాంటు చీటీ చూస్తూ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అతను కూడా నవ్వాడు. అలా ఎంతసేపు నిలబడాలో ఎవరూ చెప్పలేదు గనక నిలబడే ఉన్నాడు.

"ఏమయ్యా" అంది పిన్ని నవ్వు చెరగకుండానే. "నిండింది."

అతను అలాగే పైకి చూస్తున్నాడు.

"నిండి పోతోందయ్యా, నీ చేతుల మీదుగానే పోతోంది" అందామె మళ్ళీ. అప్పుడు తల దించి చూసుకున్నాడు.